ముందు నువ్వే ఆడు

రాత్రి షిఫ్టు దిగి నేను సందులోకి వచ్చేసరికి
నా కూతురు సందులోంచి వెళ్ళిపోతుంటుంది.
నూకరాజు వ్యాను హారను రెండుసార్లే కొడతాడు,
మూడోది కొడితే ఎదురింటి ముసలమ్మ తిడుతుందని.
నా చేతిలో ఖాళీ క్యారేజీ, దాని చేతిలో నిండు క్యారేజీ.
"నాన్నా, ఎల్తన్నా" అంటుంది యోషిత.
బడి గేటు దాటాక ఆ మాటే
"వెళ్తున్నాను" అవుతుందట.

మల్కాపురం నుంచి ఎండాడ.
సింధియా, కాన్వెంటు జంక్షను, మద్దిలపాలెం, హనుమంతవాక.
మా ఫోర్‌మన్ కూతురు అక్కడ చదివే ఇంజనీరయింది.
పీఎఫ్ లోను పెట్టి మరీ
కొన్నాను ఆ దూరాన్ని.

పగలు నేను పడుకోవాలి. నిద్ర రాదు.
వెల్డింగు వెలుగు కళ్ళలోంచి దిగేసరికి సాయంత్రమవుతుంది.
కిటికీ పక్క మంచం మీద దొర్లుతూ
సందు మొత్తం వింటాను.
నాలుగింటికి మునిసిపల్ బడి పిల్లలు:
గుమ్మాల్లోకి సంచులు విసిరిన చప్పుడు,
సిమెంటు మీద సుద్దముక్క గరగర,
ఢిల్లిగాడి ఏడుపు, జోగులు ఈల.

మొదట్లో పైడితల్లి ఊచలు పట్టుకుని అడిగేది.
"మావా, యోషి ఎప్పుడొస్తాది?"
"ఆరున్నరకమ్మా."
"ఓలమ్మ! అప్పటికి మాయమ్మ లోనికి లాగేస్తాది."

పోస్టుమాన్ లాగా కబుర్లు మోసేవాణ్ణి.
కొట్టు వెనక కుక్క పిల్లల్ని పెట్టింది, నాలుగు.
కళ్ళు తెరిచాయి.
ఒకదానికి పకోడీ అని పేరు పెట్టారు.
పకోడీ లారీ కింద పడింది.
అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగింది నా కూతురు,
"పకోడీ ఏ రంగు నాన్నా?"
నాకు తెలీదు.
నేను విన్నానేగానీ చూడలేదు.

దానికి అక్కడ స్నేహితులు లేరని కాదు.
ఋషికొండ వైపు అన్విత, సీతమ్మధారలో షారన్,
ఆదివారం వాళ్ళమ్మ సెల్లులో అరగంట
లెక్కల హోంవర్కూ, ఎవరో సారు విగ్గూ.
పుట్టినరోజుకి పిలిస్తే అందరూ లొకేషను పంపమన్నారు.
పంపాం.
ఒక్క కారు వచ్చింది, సందు మొగలో ఇరుక్కుంది.
మిగిలిన కేకు సందులో పంచవే అంటే
"వాళ్ళని పిలవలేదు కదమ్మా" అని
ఫ్రిజ్జులో పెట్టేసింది.
మూడు రోజులు తిన్నాం ఆ కేకు.

పైడితల్లి కిటికీ దగ్గరికి రావడం ఎప్పుడు మానేసిందో
తారీఖు గుర్తులేదు.
షిప్‌యార్డు సైరను ఒక్కపూట మోగకపోతే
పేటంతా బయటికొచ్చి చూస్తుంది.
ఒక పిల్ల గొంతు ఆగితే
ఎవడు చూస్తాడు?

మొన్న వాయుగుండం. బడులన్నిటికీ సెలవు.
మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది.
తడి నేల మీద సుద్ద పట్టదని
ఇటికముక్కతో గీశారు గళ్ళు.
ఎనిమిది కాదు, పదకొండు. కొత్త లెక్క.
నా కూతురు మెట్టు మీద నిలబడింది,
ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు.

ఒకప్పుడు మొదటి ఆట నాదంటే నాదని
వీళ్ళిద్దరూ జుట్లు పట్టుకుంటే
విడదీయడానికి నేనూ పైడి వాళ్ళమ్మా కావలసొచ్చేది.
యోషిత పళ్ళ గాటు ఒకటి
పైడి మోచేతి మీద నెల్లాళ్ళుంది.

"నేనూ రానా?" అంది నా కూతురు,
బడి తెలుగులో.
ఆట ఆగింది.
పైడితల్లి బిళ్ళను గౌనుకి తుడిచింది,
తిరగేసి మళ్ళీ తుడిచింది,
రెండు చేతులా అందించింది.
"రా. ముందు నువ్వే ఆడు."

ఇంటికొచ్చిన చుట్టానికి పీట వేసినట్టు.
అంత మర్యాద ఈ సందులో నేనెన్నడూ వినలేదు.

నా కూతురు బిళ్ళ తీసుకుంది.
ఏ గడిలో వెయ్యాలో తెలీక
అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.
ఊచల వెనక మంచం మీద లేచి కూచుని
నేను లోలోపల గొణుగుతున్నాను,
కొట్టుకోండమ్మా,
కొట్టుకోండి.